నోటితో మోగే డ్రమ్ము

చైత్ర పౌర్ణమి రాత్రి బెంగళూరు నగర్తపేటలో ఎవరికీ నిద్ర ఉండదు. అర్ధరాత్రి దాటాక ధర్మరాయస్వామి గుడి నుంచి కరగ బయటికొస్తుంది. మల్లెపూలతో గోపురంలా కట్టిన ఆ బరువును పూజారి తలమీద పెట్టుకుని, చేత్తో పట్టుకోకుండా, పేట సందులన్నీ తిరుగుతాడు. చుట్టూ దూసిన కత్తులతో వీరకుమారులు. పక్కనే వాద్యాల హోరు, జనం కేకలు. అంత గోలలోనూ ఆ మనిషి అడుగు తడబడదు. తల కదలకుండా కాలు ఆడాలంటే లయ ఒంట్లోనే ఉండాలి.

1537లో కెంపేగౌడ కట్టించిన ఊరికి ఈ పేటలే గుండెకాయ. వర్తకులైన నగర్తలది నగర్తపేట, కుమ్మరులది కుంబారపేట, గానుగవాళ్లది గాణిగరపేట. గాజుల పేరు పెట్టుకున్న బళేపేట మాత్రం వాద్యాల దుకాణాలకు పేరుపడింది. అక్కడ ఒక దుకాణం గడప మీద కాసేపు కూర్చుంటే మృదంగానికి నల్ల మచ్చ ఎలా వేస్తారో కనబడుతుంది. మెత్తగా నూరిన ఇనుప రాతి పొడిని అన్నం ముద్దతో కలిపి, చిటికెడు చిటికెడుగా తోలు మీద అద్దుతారు. నున్నటి రాయితో రుద్దుతారు, వేలితో తట్టి వింటారు, మళ్లీ అద్దుతారు. శ్రుతి కుదిరేదాకా ఆ పని సాగుతుంది. సంగీతం వాయించేవాడికంటే ముందే ఈ పనివాడి దగ్గర మొదలవుతుంది.

ఈ ఊరికీ రాక్ బ్యాండ్లకూ ఉన్న చుట్టరికం గురించి చెప్పేవాళ్లు ఎక్కువగా పబ్బులతోనూ గిటార్లతోనూ మొదలుపెడతారు. అసలు కథ డ్రమ్స్ దగ్గర ఉంది. ఇంకా చెప్పాలంటే, డ్రమ్స్ వెనక కూర్చున్న మనిషి నోట్లో ఉంది.

1964 ఫిబ్రవరి 9న అమెరికాలో ఎడ్ సలివన్ టీవీ షోలో బీటిల్స్ వాయించారు. వెనక ఎత్తుమీద కూర్చుని తల ఊపుతూ రింగో స్టార్ కొట్టిన ఆ డ్రమ్స్ చూసి ఊరూరా కుర్రాళ్లు కర్రలు పట్టుకున్నారు. అదే 1964లో బెంగళూరులో మృదంగ విద్వాంసుడు టి.ఎ.ఎస్. మణి కర్ణాటక కాలేజ్ ఆఫ్ పర్కషన్ ప్రారంభించారు. ఈ రెంటికీ ఆనాడు ఏ సంబంధమూ లేదు. కొన్నేళ్లకు ఒక రాక్ డ్రమ్మర్ వచ్చి ఆ రెంటినీ కలిపాడు.

ఆయన పేరు రమేశ్ షోత్తమ్. 1948లో మద్రాసులో పుట్టారు. 1970 దశకంలో దేశమంతా పేరు తెచ్చుకున్న 'హ్యూమన్ బాండేజ్' అనే రాక్ బ్యాండ్‌లో డ్రమ్మర్. సోదరుడు సురేశ్‌దీ అదే బ్యాండ్. ఆ రోజుల్లో మన దేశంలో రాక్ డ్రమ్మర్ బతుకు ఎలా ఉండేదో ఇప్పటి కుర్రాళ్లకు ఊహకు అందదు. మంచి కిట్ కావాలంటే విదేశాల నుంచి రావాలి. వచ్చినదానికి తోలు చిరిగితే మళ్లీ దొరకదు. హోటళ్లలో, డిస్కోథెక్‌లలో, కాలేజీ పండగల్లో పరదేశీ పాటలే వాయించాలి. జనం అడిగేది వాటినే. రికార్డు మీద విన్నది విన్నట్టు దింపినవాడే గొప్ప డ్రమ్మర్. రాక్ బ్యాండ్లకు రికార్డు కంపెనీల తలుపు తెరుచుకోవడం అరుదు. బ్యాండ్లు పుట్టడం ఎంత తేలికో చెదిరిపోవడమూ అంతే తేలిక. గాయకుడికి సినిమా ఉంది, గిటారిస్టుకు స్టూడియో ఉంది. బ్యాండ్ పోయాక డ్రమ్మర్‌కు మిగిలేది ఇంట్లో చోటు చాలని నాలుగు పీపాలు.

హ్యూమన్ బాండేజ్ కూడా చెదిరింది. ముప్పైకి దగ్గరపడ్డ వయసులో షోత్తమ్ చేసిన పని మాత్రం మామూలుది కాదు. మరో బ్యాండ్ వెతుక్కోకుండా బెంగళూరు వెళ్లి మణిగారి కాలేజీలో విద్యార్థిగా చేరారు. ఎంచుకున్న వాద్యం తవిల్. మనవైపు పెళ్లిళ్లలో సన్నాయి పక్కన మోగే డోలుకు అది అన్న వరస.

ఆ ఎంపికలో ఒక మర్మం ఉంది. మృదంగం కచేరీ హాలు వాద్యం, తవిల్ ఆరుబయట వాద్యం. ఊరేగింపులో, గుడి వీధిలో, మైకు లేకుండా నలుగురికీ వినబడాలి. పనస దుంగ తొలిచి చేసిన పీపా. ఎడమ వైపు బిరుసు కర్రతో కొడతారు. కుడి చేతి వేళ్లకు రాయిలా గట్టిపడ్డ తొడుగులు తొడుక్కుని వాయిస్తారు. ఒక చేత కర్ర, ఒక చేత వేళ్లు. హోరులో కర్ర తిప్పడం అలవాటైన రాక్ డ్రమ్మర్‌కు దక్షిణాది వాద్యాల్లో దగ్గరి చుట్టం ఏదంటే ఇదే.

అయితే చేతికి ముందు నోటికి పని పడింది. కర్ణాటక తాళవాద్యం నేర్పే బడుల్లో దరువుల్ని నోటితో పలికే జతులు ముందు చెప్పిస్తారు. దాన్నే కచేరీ కళగా పెంచితే కొన్నక్కోల్. కూచిపూడి నట్టువాంగం విన్న తెలుగువాళ్లకు ఆ శబ్దం కొత్త కాదు. దానిలో దాగిన తెలివి గురించే మనం పెద్దగా ఆలోచించం.

రాక్ డ్రమ్మర్ మొదట నేర్చుకునేది ఇంగ్లిషు అంకెలు: వన్, టూ, త్రీ, ఫోర్. అక్కడొక చిక్కుంది. 'సెవెన్' అంటే ఏడు, పలికితే రెండు ముక్కలు. 'టూ' అంటే రెండు, పలికితే ఒకటే ముక్క. అంకె ఒక దారి, నోరు ఒక దారి. జతుల్లో ఆ గొడవ లేదు. 'తక' అంటే రెండు, అనేదీ రెండు అక్షరాలే. 'తకిట' మూడు, 'తకదిమి' నాలుగు, 'తకతకిట' అయిదు, 'తకదిమి తకిట' ఏడు, 'తకదిమి తకతకిట' తొమ్మిది. వేళ్లమీద లెక్కపెట్టుకోవాల్సిన పని లేదు. మాట పూర్తయితే లెక్క పూర్తయినట్టే. తిశ్రం, చతురశ్రం, ఖండం, మిశ్రం, సంకీర్ణం అని మనవాళ్లు పేర్లు పెట్టిన అయిదు జాతులూ ఈ మాటల్లోనే ఇమిడి ఉన్నాయి. డేవ్ బ్రూబెక్ బృందం 1959లో 'టేక్ ఫైవ్' అంటూ అయిదు దెబ్బల తాళంలో వాయిస్తే జాజ్ లోకం నోరెళ్లబెట్టింది. మన నృత్యం బడిలో ఎనిమిదేళ్ల పిల్ల అదే అయిదును 'తకతకిట' అంటూ కునుకుపాట్లలో కూడా చెప్పేస్తుంది.

ఇంకో సంగతి చేతల్లో చూడాలి. మామూలు రాక్ పాటలో ఒక బారుకు, అంటే ఒక చుట్టుకు, నాలుగు దెబ్బలు. దెబ్బకు నాలుగు చొప్పున పదహారు మాత్రలు. కాలితో నాలుగు దెబ్బలూ తట్టుతూ ఉండాలి. మొదటి మాత్ర వదిలేసి, రెండో మాత్ర నుంచి 'తదిగిణతొం' అని మూడుసార్లు గుక్కతిప్పుకోకుండా చెప్పాలి. అయిదు మూళ్లు పదిహేను. వదిలేసిన ఒకటితో పదహారు. మూడో 'తొం' అయ్యాక పడే దెబ్బ సరిగ్గా తరవాతి బారు మొదటి దెబ్బ, అంటే సమం. డ్రమ్మర్ అక్కడ క్రాష్ సింబల్, కిందనున్న కిక్ డ్రమ్ము కలిపి ఒక్కటిస్తే హాలంతా కుర్చీల్లోంచి లేస్తుంది. మధ్యలో ఆ అయిదు అక్షరాల మాట నాలుగు దెబ్బల పాటకు అడ్డం పడుతూ పోతుంది. దారి తప్పాడేమోనని వినేవాడికి అనుమానం వస్తుంది. తప్పలేదని సమం మీద తేలుతుంది. దీన్నే ముక్తాయింపు అంటాం.

ఆదితాళం ఒక ఆవర్తనం, ముప్పయ్యి రెండు మాత్రలు, మొత్తం కావాలంటే అదే మాటను పెంచొచ్చు. 'తదిగిణతొం తదిగిణతొం' కలిపి పది మాత్రలు. దాన్ని మూడుసార్లు అని, మధ్య రెండు సందుల్లో ఒక్కో మాత్ర ఖాళీ వదిలితే ముప్పయ్యి రెండు. ఒక ఆవర్తనం సరిపోయింది. ఆ రెండు ఖాళీలే ప్రాణం. వాటిని నిలబెట్టలేని డ్రమ్మర్లే ఎక్కువ. చెయ్యి ఊరుకోదు, ఖాళీ కనబడితే ఒకటి కొట్టేస్తుంది. నోటికి ఊపిరి కావాలి కాబట్టి అది ఖాళీని గౌరవిస్తుంది.

డ్రమ్ కిట్ అనే వస్తువు పుట్టుకే నాలుగు అవయవాలకు నాలుగు పనులు చెప్పడంలో ఉంది. 1909లో లడ్విగ్ సోదరులు కాలితో తొక్కే పెడల్‌ను బాగుచేసి అమ్మకానికి తెచ్చాక, ఇద్దరు ముగ్గురు చేసే పని ఒక్కడు కూర్చుని చేయడం తేలికైంది. కుడిచేయి సింబల్ మీద, ఎడమచేయి స్నేర్ మీద, కుడికాలు కిక్ మీద, ఎడమకాలు హై-హ్యాట్ మీద. ఈ నాలుగింటికీ పెత్తనం చేసే అయిదోది లేకపోతే ఎవరి దారి వారిదే. నోటిని ఆ పెత్తందారును చేశారు మనవాళ్లు. కాలు కదలిక మారకుండానే నోరు నాలుగు నుంచి మూడుకు, మూడు నుంచి అయిదుకు గతి మార్చగలిగితే, ఆ తరవాత చేతులు దాన్ని అనుసరించడం అభ్యాసం పని మాత్రమే.

బెంగళూరు చదువు అయ్యాక షోత్తమ్ జర్మనీ వెళ్లి కొలోన్‌లో స్థిరపడ్డారు. డ్రమ్ కిట్ పక్కనే తవిల్, ఘటం, కంజీర, మోర్సింగ్ పెట్టుకుని జాజ్ బృందాలతో వాయించారు. లెబనాన్ ఊద్ విద్వాంసుడు రబీ అబూ ఖలీల్ 1992 ఆల్బమ్ 'బ్లూ క్యామెల్'లో తాళవాద్యాలు పట్టినవాళ్లలో ఆయన ఒకరు. అందులోనే శాక్సఫోన్ వాయించిన చార్లీ మేరియానో బోస్టన్‌లో పుట్టిన అమెరికన్. నాదస్వరం నేర్చుకున్న మనిషి. 1983లో మేరియానో కర్ణాటక కాలేజ్ ఆఫ్ పర్కషన్ బృందంతో, మణిగారి భార్య ఆర్.ఎ. రమామణి గాత్రంతో 'జ్యోతి' ఆల్బమ్ చేశారు. నాదస్వరం నేర్చిన అమెరికన్, తవిల్ నేర్చిన మద్రాసు రాక్ డ్రమ్మర్ ఒకే ఆల్బమ్‌లో కలిసి వాయించారంటే, మన గుడి వాకిట్లోని జోడీ పరదేశం వెళ్లి కుదిరినట్టే.

షోత్తమ్ తన బృందానికి పెట్టుకున్న పేరు 'మద్రాస్ స్పెషల్'. పేరులో టిఫిన్ సెంటర్ వాసన ఉన్నా, వంటకం మాత్రం అసలైనదే.

ఈ దారిలో ఒక ప్రమాదం లేకపోలేదు. లెక్క వచ్చినవాడికి లెక్క చూపించాలన్న దురద ఉంటుంది. పాట ఒక పక్క పాడవుతూ ఉంటే డ్రమ్మర్ తొమ్మిదులూ ఏడులూ గుప్పించడం, గాయకుడు బిక్కమొహం వేయడం బెంగళూరు ఫ్యూజన్ వేదికల మీద అరుదేమీ కాదు. రింగో స్టార్‌కు ముక్తాయింపులు రావు. అయినా ఆయన దెబ్బ తీసేస్తే బీటిల్స్ పాట కుప్పకూలుతుంది. కొన్నక్కోల్ విలువ క్లిష్టతలో లేదు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ చేరాలో ముందే తెలిసి ఉండడంలో ఉంది.

తెలుగు ప్రేక్షకులకు డ్రమ్స్ అనగానే గుర్తొచ్చే పేరు శివమణి. ఆయన 1959లో మద్రాసులో పుట్టారు. తండ్రి ఆనందన్ కూడా తాళవాద్యకారుడే. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం పాట వెనకా, రెహమాన్ పాట వెనకా మోగిన ఆ చేతులు బకెట్టు, సూట్‌కేసు, ఏది దొరికితే అది వాయించేశాయి. 2019లో పద్మశ్రీ వచ్చింది. జనం ఆయన కర్రలు చూసి చప్పట్లు కొడతారు. కాసేపు ఆయన పెదాలు చూడండి. ముక్తాయింపు దగ్గరపడే కొద్దీ అవి కదులుతాయేమో.

ఇక ఇప్పటి బెంగళూరులో మృదంగ విద్వాంసుడు బి.సి. మంజునాథ్ ఫిబొనాచీ అంకెల వరసను జతులుగా చెప్పిన వీడియో ప్రపంచమంతా తిరిగింది. ఒకటి, ఒకటి, రెండు, మూడు, అయిదు, ఎనిమిది అంటూ పెరిగే ఆ లెక్కను ఆయన నోటితో, చేతి తాళంతో, ఇంకే వాద్యమూ లేకుండా వినిపించారు. దాన్ని చూసి విదేశీ డ్రమ్మర్లు మన జతులు నేర్చుకోవడానికి కూర్చుంటున్నారు. మనింట్లో కుర్రాడు మాత్రం యూట్యూబ్ చూసి వన్, టూ, త్రీ, ఫోర్ అంటూనే ఉన్నాడు.

పిల్లవాడు డ్రమ్స్ కావాలని మారాం చేస్తుంటే కొనివ్వండి, తప్పేమీ లేదు. కిట్ ఇంటికి రావడానికి ముందు ఓ ఆరు నెలలు మృదంగం మాస్టారి దగ్గరకో, నట్టువాంగం చెప్పే అమ్మ దగ్గరకో పంపి జతులు చెప్పించండి. ఆ ఆరు నెలలూ కింద వాటాలో ఉన్నవాళ్లతో తగాదా కూడా ఉండదు.