విమానమును కారులో మోయు విద్య

విమానము నెగురవేయుటయే విద్య యని చూడవచ్చినవారందరు తలతురు. వారు మైదానమునకు వచ్చిన పిదపనే గదా చూచుట! రేడియో తరంగములచే నడుచు చిన్న విమానములను చేతులార కూర్చుకొని, వారమంతయు గోడకు వ్రేలాడదీసి, ఆదివారము వేకువనే కారులో వేసికొనిపోవు మావంటివారి నడిగినచో, ఆకసమున కూలి విరిగిన రెక్కలకంటె కారు తలుపు సందున నలిగిన తోకలే యెక్కువ యని యించుక సిగ్గుతో నొప్పుకొందురు.

మా యిల్లు తార్నాక. ఉస్మానియా విశ్వవిద్యాలయమున 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కళాశాల శిలాసౌధము దిక్కునకు పోయినప్పుడెల్ల, ఆ విశాలమైన యావరణమును చూచి నాకు చేతులు దురదపెట్టును. కాని పొద్దుటి నడకకు వచ్చు వృద్ధులును, బంతాటలాడు పిల్లలును, కరెంటు తీగలును గలచోట రెండు కిలోల వస్తువును మోటారు వేగమున త్రిప్పుట మర్యాద గాదు. అందుచేత మౌలాలిలో మిత్రుని నెక్కించుకొని, ఈసీఐఎల్ కూడలి దాటి, కీసర దిక్కున కోతలు ముగిసిన చేలకు పోవుదుము. 2021 నాటి డ్రోన్ నియమములు వచ్చినది మొదలు, ఆ తావు ప్రభుత్వపు డిజిటల్ స్కై పటమున నే రంగులో నున్నదో ముందుగా చూచుకొనుట కూడ ప్రయాణ సన్నాహములో చేరినది. దూరము కొద్దిదే, దారిలోని స్పీడ్ బ్రేకర్లు మాత్రము కొద్దివి కావు.

ఈ విమానముల యొడలు బాల్సా. ఈక్వెడారు దేశమునుండి విశేషముగా వచ్చు నీ కలప ఘనమీటరునకు 150 కిలోలకు అటునిటుగా తూగును. మన టేకులో నది సుమారు నాలుగవవంతు. గాలి రెక్కయంతటను సమముగా వ్యాపించి మోయును గావున పలుచని పక్కటెముకలకు ఆ బలము చాలును. బొటనవ్రేలు ఒక్కచోటనే యొత్తును గావున చాలదు. ధూల్‌పేటనుండి వినాయకుని తెచ్చువారు గడ్డి పరచి, విగ్రహమును పీఠమువద్ద పట్టుకొందురే గాని చేతిని పట్టి యెత్తరు. బొబ్బిలి వీణను మోయువాడు దండిని పట్టి యూపడు. మేము నేర్చినదియు నదియే: ఎచట పట్టవలెనో, అంతకంటె ముఖ్యముగా, ఎచట పట్టరాదో.

మొదట రబ్బరు బ్యాండ్లు గాని నైలాను బోల్టులు గాని విప్పి రెక్కను వేరుచేయవలెను. 60 అంగుళముల రెక్క చిన్నకారులో అడ్డముగా పట్టదు. వెనుక సీటులో సగము మడిచి, ముందటి యెడమ సీటును వాల్చి, పాత బొంతతో కుట్టిన సంచిలో దానిని నిలువునా పరుండబెట్టవలెను. మిత్రుడు మిగిలిన మూలను మోకాళ్లు ముడుచుకొని కూర్చుండును. మా స్నేహమునకు ప్రతివారమును నదియే పరీక్ష. మొండెమునకు ప్లాస్టిక్ గొట్టములతో నొక పీట చేసి, స్పాంజి తొడిగి, మోటారున్న ముక్కును ముందు సీటు వీపునకు దిండు అడ్డముగా నానించుదుము. హఠాత్తుగా బ్రేకు వేసినపుడు బరువైన ముక్కే దిండును తాకును. తోక ముందున్నచో ఆ బరువంతయు సన్నని తోకపై బడి విరుగును. తోకలో పైకిని క్రిందికిని కదలు పలకయగు ఎలివేటరుపై నేమియు నానరాదు. పైనుండి జారిన యొక సంచి దానిని నొక్కినచో, దానిని కదల్చు లోపలి చిన్న యంత్రమగు సర్వోలోని చిన్న చక్రముల పండ్లు ఊడును; పైకేమియు కానరాదు, గాలిలోనే తెలియును.

బ్యాటరీల సంగతి వేరు. లిథియం పాలిమర్ బ్యాటరీ నిండినపుడు సెల్లునకు 4.2 వోల్టులు, నిలువయుంచునపుడు 3.8 వోల్టులకు దింపుదురు. దెబ్బతగిలినను, మిక్కిలి వేడెక్కినను మంటలు రేగు స్వభావము దానిది గావున, విమానమునుండి విడదీసి, తీగల కొనలకు కప్పులు తొడిగి, మంటకు తాళు సంచిలో వేరుగ నుంచవలెను. మే నెల యెండలో అద్దములు మూసిన కారున దీనిని విడిచి టీ త్రాగబోవువాడు సాహసి గాడు, అవివేకి. ఆ వేడికి రెక్కపై ఇస్త్రీపెట్టి యంటించిన పొర సైతము వదులై ముడుతలు పడును.

ఇన్ని చెప్పు నేనే యొకనాడు మాటలలో పడి డిక్కీ మూయబోతిని. “ఆగే అన్నా, తోక బయట్నే ఉన్నది!” అని మిత్రుడు కేకవేయులోపలనే రడ్డరు రెండు ముక్కలైనది. నాటినుండి, ఒకడు తోకపై చేయియుంచి సరేయన్న పిదపనే రెండవవాడు డిక్కీ మూయవలెనని మా కట్టడి.

1937లో అమెరికాలో గుడ్ సోదరులు రేడియోతో నెగురవేసిన ‘గఫ్’ యను విమానము నేడు స్మిత్సోనియన్ సంగ్రహాలయమున నున్నది. దాని రెక్క 8 అడుగులు. దానిని చూచువారు రేడియోను మెచ్చుకొందురు. నాకు మాత్రము ఆ రెక్కను ఎట్టి బండిలో మోసిరో యనునదే యాలోచన.

చేను చేరిన పిదప తొందర పనికిరాదు. రెక్క బిగించి, దాని వెడల్పులో ముందంచునుండి నాలుగవవంతునకును మూడవవంతునకును నడుమ గుర్తించిన చోట రెండు వ్రేళ్లపై విమానమును నిలిపి సమతూకము చూడవలెను; ప్రయాణమున బ్యాటరీపెట్టె అంగుళము జరిగినను ఆ తూకము చెడును. పిమ్మట చేతిలోని ట్రాన్స్‌మిటరును ముందు, విమానములోని రిసీవరును తరువాత వెలిగింపవలెను. తిరుగుదారిలో, ఆకలియు అలసటయు మీదబడినపుడు, ఈ జాగ్రత్తలలో సగము జారిపోవును. మా విమానములలో పెక్కు విరిగినది అప్పుడే.

ఆదివారము పొద్దున ఈసీఐఎల్ త్రోవలో స్పీడ్ బ్రేకరును నత్తవలె దాటు చిన్నకారు మీ ముందు కనబడినచో, దయచేసి హారను మ్రోగింపకుడు. లోపల రెక్క యున్నది.