పిలుపు అందుకున్నవాళ్లకు

సేవకు సమర్పించుకున్నానని మా సంఘంలో ఎవరైనా నిలబడి చెబితే, ఎక్కడికి వెళ్తావు, ఖర్చులెలా అని అందరూ అడుగుతారు. అక్కడివాళ్ల ఇంట్లో కూర్చుని అన్నం తినగలవా అని నేను అడుగుతాను. అజరయ్య జీవితం చదివాక నాకు ఇంతకంటే ముఖ్యమైన ప్రశ్న కనిపించలేదు.

వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1874లో తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టారు. వైఎంసీఏలో పనిచేస్తూ 1902లో శ్రీలంకలోని జాఫ్నా వెళ్లినప్పుడు, అక్కడి తమిళ క్రైస్తవులు తమ చందాలతోనే సువార్తికులను పంపడం చూశారు. మనవాళ్లు ఆ పని ఎందుకు చేయకూడదన్న తపనతో తిరిగొచ్చారు. మరుసటి ఏడాది తిరునెల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ మొదలైంది. డబ్బూ మనుషులూ ఈ దేశం నుంచే. వాళ్లు పరిచర్యకు ఎంచుకున్నది నైజాం రాజ్యంలోని దోర్నకల్ ప్రాంతం.

1909లో ఆయనే ఉద్యోగం వదిలి దోర్నకల్ వచ్చేశారు. అప్పటికి ముప్పై అయిదేళ్లవాడు, తెలుగు నేర్చుకోవాలి. తమిళుడికి తెలుగెంత కష్టమనుకుంటాం. కానీ ఎడ్లబండిలో ఊరూరా తిరిగి, మాలపల్లెలో, మాదిగపల్లెలో కూర్చుని, వాళ్ల బాధను వాళ్ల మాటల్లోనే అర్థం చేసుకునేంతగా నేర్వడం చిన్న పని కాదు.

1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ సభ జరిగింది. దాదాపు పన్నెండు వందల మంది ప్రతినిధుల్లో ఆసియావాళ్లు ఇరవై మంది కూడా లేరు. ఆ సభలో అజరయ్య పాశ్చాత్య మిషనరీల త్యాగానికి కృతజ్ఞత చెప్పి, ఇక మాకు స్నేహితులు కావాలని అడిగారు. ప్రాణమిచ్చేవాళ్లు కూడా ఈ దేశపు తోటి సేవకుణ్ణి సమానుడిగా పక్కన కూర్చోబెట్టుకోలేకపోతున్నారన్నదే ఆయన బాధ. ఆ మాట చాలామందికి గుచ్చుకుంది. అయినా ఆయన వెనక్కి తీసుకోలేదు. రెండేళ్లకు, 1912 డిసెంబరులో, కలకత్తాలో ఆంగ్లికన్ సంఘపు తొలి భారతీయ బిషప్‌గా అభిషేకం పొందారు.

నన్ను ఎక్కువగా కదిలించేది ఆ తర్వాతి కథ. దోర్నకల్‌లో బాప్తిస్మం పొందినవాళ్లలో ఎక్కువమంది భూమి లేని దళితులు. వాళ్లను సాయం పుచ్చుకునేవాళ్లుగా మిగలనివ్వలేదాయన. బాప్తిస్మం రోజునే వాళ్లు తమ తల మీద చెయ్యి పెట్టుకుని, సువార్త చెప్పకుండా ఉండబోమని ప్రమాణం చేసేవారు. ఇంటి ఆడవాళ్లు వంటకు తీసిన బియ్యంలోంచి పిడికెడు దేవునికని పక్కన పెట్టేవారు. పస్తులెరిగిన ఇళ్లు అవి. ఆ పిడికెడు బియ్యంతో వాళ్లూ పంపేవాళ్లయ్యారు.

ఇప్పుడు లోకమంతా యుద్ధాలు, వలసలు, ఒకరి మీద ఒకరికి అనుమానం. మిషనరీ అనగానే మతం మార్చడానికే వచ్చాడంటారు. వారం రోజులు వెళ్లి, బస్తాలు పంచి, ఫోటోలు దిగి వచ్చేస్తే ఆ అనుమానం పోదు. దాన్ని సేవ అనడానికి నాకు మనసొప్పదు కూడా. అవతలివాడు బాప్తిస్మం తీసుకున్నా తీసుకోకపోయినా వాడి ఇంటి చావుకీ పెళ్లికీ వెళ్లగలగాలి. క్రీస్తు పేరుతో వెళ్లేవాడికి అంతకంటే తక్కువ చాలదు.

అందుకే సంఘ పెద్దలకు నా విన్నపం. మీరు పంపే పిల్లల్ని మొదటి ఏడాది ఎంతమందిని సంపాదించారని అడగకండి. ఆ ఊరి భాష నేర్చుకోనివ్వండి, ఆ ఏడాది జీతం ముందే పక్కన పెట్టండి.