సెటప్ ఫైలు ఎవరు కట్టాలి?

"సోర్స్ కోడ్ అంతా తెరిచే ఉంది కదా, కావలసినవాళ్లు కంపైల్ చేసుకోవచ్చు" అన్న మాట ఈ వారం మళ్లీ కంటబడింది. ఈ కాలమ్ మొదట్నుంచీ చదువుతున్నవాళ్లకు ఆ మాటంటే నాకెంత మంటో తెలుసు. పొయ్యి చూపించి భోజనం పెట్టామన్నట్టుంటుంది అది. విండోస్ వాడే మామూలు మనిషికి ప్రోగ్రామ్ అంటే డౌన్‌లోడ్ చేసి డబుల్ క్లిక్ కొట్టే సెటప్ ఫైలే. ఆ ఫైలు చేసే చాకిరీ తక్కువదేం కాదు. ప్రోగ్రామ్‌తో పాటు దానికి కావలసిన డీఎల్‌ఎల్‌లన్నీ తెచ్చి చేర్చాలి. పాత వెర్షన్ నడుస్తూ ఉంటే దాన్ని ఆపించి ఆ చోట కొత్తది పెట్టాలి, అయినా వాడేవాళ్ల సెట్టింగులు చెదరకూడదు. తీసేయమన్న రోజున రిజిస్ట్రీలో చెత్త మిగల్చకుండా పోవాలి. ఇది విడిగా నేర్వాల్సిన విద్య, దీనికి పనిముట్లూ విడిగానే పుట్టాయి. జోర్డన్ రసెల్ 1997లో తెచ్చిన ఇన్నో సెటప్‌తో బొమ్మలు దిద్దే గింప్ వస్తుంది. విన్యాంప్‌ను పంచడానికి నల్‌సాఫ్ట్ చేసుకున్న ఎన్‌ఎస్‌ఐఎస్‌తో ఫైర్‌ఫాక్స్, వీఎల్‌సీ వస్తాయి. మన భాష సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. యూనికోడ్ తెలియని పాత ప్రోగ్రాములు ఆధారపడే సిస్టమ్ కోడ్ పేజీ విండోస్‌లో తెలుగుకు లేదు, యూనికోడ్ ఒక్కటే దిక్కు. ఎన్‌ఎస్‌ఐఎస్ అధికారికంగా యూనికోడ్‌కు మారింది 2016లో, మూడో వెర్షన్‌తో. అంతవరకూ లోపలి ప్రోగ్రామ్ తెలుగు మాట్లాడగలిగినా, అధికారిక ఎన్‌ఎస్‌ఐఎస్‌తో కట్టిన గుమ్మం దగ్గరి సెటప్ విండోకు ఆ వీలు లేదు.

కాబట్టి ప్రాజెక్టు తన సెటప్ ఫైలును తానే కట్టుకోవాలి, తానే పంచాలి, పరాయివాడి చేతికి ఇవ్వకూడదు అన్నది నా పాత పట్టు. దీనికి గింప్ కథకు మించిన సాక్ష్యం అక్కర్లేదు. ఓపెన్ సోర్స్ ప్రోగ్రాములు పంచే సైటు సోర్స్‌ఫోర్జ్ 2013లో సెటప్ ఫైళ్లకు ప్రకటనల ప్రోగ్రాములు తగిలించే పద్ధతి మొదలుపెట్టింది. పేజీలో అసలు డౌన్‌లోడ్ బటన్‌ను పోలిన దొంగ బటన్లు కూడా కనపడుతుండటంతో గింప్ బృందం ఆ ఏడాది నవంబరులో అక్కణ్నుంచి తప్పుకుంది. 2015 మేలో సోర్స్‌ఫోర్జ్ ఆ పాత పేజీని తన చేతిలోకి తీసుకుని, గింప్ సెటప్‌కు తన తొడుగు వేసి పంచింది. గొడవ పెద్దదయ్యాక ఆపింది. 2016లో యాజమాన్యం మారాక ఆ పథకమే ఎత్తేశారు. గమనించాల్సిందేమిటంటే, గింప్ కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు. లైసెన్సు ఇచ్చే స్వేచ్ఛ మొత్తం కోడ్‌కు అందింది, వాడేవాళ్ల కంప్యూటర్‌కు మాత్రం అడగని సరుకు వచ్చింది.

అందుకే కదా డిజిటల్ సంతకం ఉన్నది అంటారు. ఉంది, దాని ఖరీదూ ఉంది. యాపిల్ డెవలపర్ సభ్యత్వానికి ఏటా 99 డాలర్లు కట్టాలి. విండోస్ వైపు 2023 జూన్ నుంచి సంతకపు తాళంచెవిని హార్డ్‌వేర్ పరికరంలోనే దాచాలని నిబంధన వచ్చింది. ఊరికే పనిచేసే వాలంటీర్లకు ఇవన్నీ భారమే. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ నమోదైన సంస్థ కాకపోవడంతో ఆ పేరు మీద సర్టిఫికెట్ దొరక్క, 2019లో కొంతకాలం సంతకం లేకుండానే విడుదలయింది. అయినా ఖర్చు గురించి ఏడవడం నా ఉద్దేశం కాదు. సంతకం చెప్పేది ఫైలు ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో మాత్రమే. లోపల ఏముందో అది చెప్పదు.

ఈ తేడా ఎంత ప్రమాదకరమో 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ వ్యవహారం చూపించింది. ఎక్స్‌జెడ్ డెస్క్‌టాప్ ప్రోగ్రామ్ కాదు, లైనక్స్‌లో అడుగున ఉండే కంప్రెషన్ లైబ్రరీ. పాఠం మాత్రం అందరిదీ. జియా టాన్ అన్న పేరుతో ఒకరు ఏళ్ల తరబడి బుద్ధిగా పనిచేసి, నమ్మకం సంపాదించి, విడుదలలు చేసే హక్కు దాకా వచ్చారు. 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టారు. దాని సరుకు టెస్టు ఫైళ్ల వేషంలో, అందరికీ కనపడే కోడ్ రిపోజిటరీలోనే ఉంది. దాన్ని తెరిచే స్క్రిప్టు మాత్రం రిపోజిటరీలో లేదు, విడుదల కోసం కట్టిన సోర్స్ మూటలోనే ఉంది. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్వి చూడకపోతే అది ఎక్కడిదాకా వెళ్లేదో. ఇక్కడ పరాయివాడు తొడుగు వేయలేదు. మూట కట్టిన చెయ్యి ప్రాజెక్టుదే, సంతకమూ నిఖార్సయినదే.

ఇక నా పాత పట్టుకు మిగిలిందేమిటి? ప్రాజెక్టే కట్టుకోవాలన్న మాట సగమే నిజమని ఒప్పుకోక తప్పదు. కట్టేది ఎవరైనా, అదే కోడ్ నుంచి ఇంకొకరు విడిగా కడితే బైటుకు బైటు అదే ఫైలు రావాలి. అలా రాని సెటప్ ఫైలును, కట్టింది సాక్షాత్తూ ఆ ప్రోగ్రామ్ రాసినవాడే అయినా, పూర్తిగా నమ్మడానికి ఆధారం లేదు. ఇది గాల్లో మేడ కాదు. టార్ బ్రౌజర్ 2013 నుంచి ఇలాగే వస్తోంది, డెబియన్ అదే ఏడాది ఈ దారి పట్టింది. చిక్కులు చాలా చిల్లరగా ఉంటాయి: ఫైల్లో ఇరుక్కునే కట్టిన సమయం, ఫైళ్లు చేర్చే వరస, కట్టిన కంప్యూటర్‌లోని ఫోల్డర్ పేరు. విండోస్‌లోనైతే సంతకం ఫైలు లోపలే చేరుతుంది, పోల్చేముందు దాన్ని ఊడదీయాలి. మామూలు మనిషి ఇదంతా చేస్తాడా అని అడుగుతారు. చేయనక్కర్లేదు, ఎక్కడో ఒక్కరు చేసి తేడా ఉందని అరిస్తే చాలు. ఇంకో అభ్యంతరానికి బలముంది: ఎక్స్‌జెడ్ మోసాన్ని ఈ పద్ధతి ఒక్కటే పట్టేది కాదు, ఎందుకంటే పాడు మూట నుంచి ఎందరు కట్టినా పాడు ఫలితమే వస్తుంది. అందుకే మొదలుపెట్టాల్సింది అందరూ చూసే రిపోజిటరీ నుంచి, ఎవరో మూటగట్టి ఇచ్చిన దాన్నుంచి కాదు.

ఓపెన్ సోర్స్‌కు ఏదైనా చేయాలని ఉబలాటపడే మన కుర్రాళ్లు, అమ్మాయిలు ఎక్కువగా కొత్త ఫీచర్ల వెంట పడతారు. ఈసారి మీకు నచ్చిన ఒక ప్రోగ్రామ్ సెటప్ ఫైలును రిపోజిటరీ నుంచి మీరే కట్టి, అధికారిక ఫైలుతో పోల్చండి. తేడా వస్తే అది ఎక్కడిదో తేల్చి, ఆ ప్రాజెక్టుకు రాయండి.