వీథీసౌష్ఠవం: ఒక పీఠిక

ఇల్లు కట్టుకోవడం గృహస్థుని స్వకీయ వ్యవహారమే అయినా, ఆ ఇంటి ముఖం వీథికి చెందుతుందనీ, అందులో పొరుగువానికీ బాటసారికీ సైతం కొంత హక్కు ఉంటుందనీ మన పూర్వులు ఏనాడో నిర్ణయించి ఉన్నారు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో ధర్మస్థీయమనే తృతీయాధికరణాన్ని తెరచి గృహవాస్తుక ప్రకరణం చదివినవారికి, పొరుగుగోడకు ఎంత ఎడం విడవాలి, నీరు ఎటు పారాలి, గవాక్షం ఎక్కడ తెరవాలి, ఇతరులకు బాధ కలిగేలా కట్టినవానికి దండమేమిటి అన్న విషయాలను ఆ మహామేధావి ఎంత శ్రద్ధతో విచారించాడో విదితమవుతుంది. మయమతం, మానసారం వంటి వాస్తుగ్రంథాలు సైతం గ్రామవిన్యాసాన్నీ వీథులనూ నిరూపించిన తరువాతనే గృహనిర్మాణం వైపు వస్తాయి. ముందు ఊరినీ, ఆపైన ఇంటినీ తలచే ఆ క్రమమే ప్రస్తుత గ్రంథానికి కూడా మూలసూత్రం.

చౌడేపల్లె పరిసరాలలో పుట్టి, వాస్తువిద్యను మహానగరంలో అభ్యసించి, అక్కడ లభించిన ఆదరాన్నీ ఆదాయాన్నీ పక్కన పెట్టి స్వస్థలానికి తిరిగివచ్చిన ఒక యువస్థపతి రచించిన పుస్తకమిది. పుంగనూరు, మదనపల్లె, కుప్పం పట్టణాలలోనూ, వాటి నడుమ పట్టణాలుగా మారుతున్న చౌడేపల్లె వంటి ఊళ్లలోనూ ప్రయివేటు వ్యక్తులు కట్టే ఇండ్లకు, అంగళ్లకు, వసతిగృహాలకు, కల్యాణమండపాలకు రూపవిషయకమైన మార్గదర్శకాలను కూర్చి, స్థానిక సంస్థలు వాటిని యథావిధిగా ఆమోదించి అమలుపరచాలని కోరడం దీని ఉద్దేశం. గ్రంథకర్త పితామహుడు గచ్చుపనిలో పేరెన్నికగన్న మేస్త్రి. గానుగసున్నంలో కరక్కాయనీరూ బెల్లపునీరూ ఏ పాళ్లలో కలిపితే గోడ అద్దంలా నిగ్గు తేలుతుందో ఎరిగిన ఆ తరం చేతులు కాగితం మీద ఏమీ వ్రాసిపెట్టలేదు. మనుమడు ఆ లోటు తీర్చాడు. ఎండలో కొలబద్ద పట్టుకొని వీథి వీథీ తిరిగి, తిన్నెల ఎత్తు, వాకిలి వెడల్పు, చూరు ముందుకు వచ్చిన కొలత, ఏ ఋతువులో ఏ వేళ నీడ వీథిలో ఎంతవరకు పరచుకుంటుందన్న లెక్క, సర్వం నమోదుచేసి పటాలుగా గీశాడు. ఇటువంటి పరిశ్రమ మన సీమలో అరుదు. కనుకనే ఈ నాలుగు మాటలు వ్రాయడానికి సంతోషంతో అంగీకరించాను.

ఈ సీమకు తనదైన నిర్మాణసంప్రదాయం ఉన్నదన్న సంగతిని ఈ తరం మరచిపోతున్నది. సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్న ఈ పీఠభూమి, గుండుబండల కొండలతో, చెరువులతో, కొద్దిపాటి వర్షంతో, మిట్టమధ్యాహ్నం తీవ్రంగానూ రాత్రి చల్లగానూ ఉండే వాతావరణంతో, తీరాంధ్రానికీ తమిళమైదానానికీ భిన్నమైనది. ఇక్కడి పనివారు రాతిని పునాదికి, గోడకు, కంచెకూసానికి, కొన్నిచోట్ల కప్పుకు సైతం వాడారు. మట్టిమిద్దె మీద దూలాలు, దంతెలు పరచి చవుడు పోసి వాన దిగకుండా కాపాడుకున్నారు. కలిగినవారు నడిమితొట్టి విడిచి వెలుతురునూ గాలినీ ఇంటి నడుమకు రప్పించుకున్నారు. పుంగనూరు జమీందారుల కోటలోనూ, సామాన్యరైతు మిద్దెలోనూ కనిపించే మందమైన గోడ ఒకే అవసరం నుంచి పుట్టింది: పగటి వేడి లోపలికి చేరేసరికి సాయంకాలం కావాలి. ఇంటి ముందరి తిన్నె అతిథికి ఆసనం, వృద్ధులకు ఆశ్రయం, ముసురు పట్టినప్పుడు దారినపోయేవారికి తావు. అంతటి ప్రయోజనం గల అంగాన్ని గ్రంథకర్త అలంకారాల పట్టికలో చేర్చక, కట్టడపు ప్రధానాంగాల అధ్యాయంలో నిలపడం నాకు ఎంతో సంతృప్తి కలిగించింది.

శాసనం లేదని కాదు. 2017 మార్చి 28న 119వ సంఖ్య గల ఉత్తర్వు ద్వారా వెలువడిన ఆంధ్రప్రదేశ్ భవన నియమావళి ఇంటిచుట్టూ విడవవలసిన ఖాళీని, ఎత్తును, వాహనాల నిలుపుదలను, అగ్నిరక్షణను, వాననీటి గుంతలను చక్కగానే నిర్దేశించింది. 2016 నాటి పట్టణాభివృద్ధి ప్రాధికార సంస్థల చట్టాన్ని అనుసరించి ఈ ప్రాంతానికి పలమనేరు-కుప్పం-మదనపల్లె పట్టణాభివృద్ధి సంస్థ కూడా ఏర్పడింది. అయినా ఆ నియమాలు ప్రధానంగా పరిమాణాన్ని చూస్తాయి. ఇల్లు ఎంత ఉండాలో చెబుతాయి, వీథితో ఎలా ఉండాలో చెప్పడానికి వాటికి అవకాశం తక్కువ. రాజ్యాంగం మాత్రం ఈ బాధ్యతను విస్మరించలేదు. 74వ సవరణతో చేరిన పన్నెండవ షెడ్యూలులో పురపాలక సంస్థలకు అప్పగించదగిన 18 విషయాలున్నాయి. భవననిర్మాణ నియంత్రణ వాటిలో రెండవది కాగా, సాంస్కృతిక, విద్యా, సౌందర్య విషయాల అభివృద్ధి పదమూడవది. నీళ్లు, దీపాలు, పారిశుద్ధ్యం తమ కర్తవ్యమని భావించే పురపాలకులు ఆ పదమూడవ అంశాన్ని కూడా అంతే కర్తవ్యంగా స్వీకరించాలన్న గ్రంథకర్త వాదం న్యాయసమ్మతమైనది, గట్టిది.

ఈ ఆలోచనకు మన ప్రాంతంలో పూర్వరంగం లేకపోలేదు. ఈ ఊళ్లను కలుపుకొని చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడినది. అప్పటి మదరాసు ప్రభుత్వం 1914లో గవర్నరు పెంట్లండ్ ప్రభువు ఆహ్వానంపై స్కాట్లండు పండితుడు ప్యాట్రిక్ గెడ్డెస్‌ను రప్పించి పట్టణాలను పరిశీలింపజేసింది. ఊరిని కూల్చి తిరిగి కట్టడానికి ముందు ఊరిని చదవాలి, అత్యల్పమైన కోతతో అధికమైన మేలు సాధించాలి అన్నది ఆయన పద్ధతి. 1920లో మదరాసు పట్టణ ప్రణాళికా శాసనం వచ్చింది. ఆ రోజులలోనే, 1915లో స్థాపితమైన మదనపల్లె థియోసాఫికల్ కళాశాలలో కళామర్మజ్ఞుడైన జేమ్స్ కజిన్స్ ప్రధానాచార్యుడుగా ఉండగా, 1919లో రవీంద్రనాథ ఠాకూరు అక్కడ బసచేసి జనగణమనను ఆంగ్లంలోకి తెచ్చారు. కళ అనేది జనజీవనంలో భాగమని బోధించిన ఊరికి, తన వీథి రూపాన్ని గురించి విచారించడం కొత్త విద్య కాదు.

ఇక ఆచరణకు వస్తే, తెలుగునాట హైదరాబాదు పత్తర్‌గట్టీ అందరూ చూడదగిన ఉదాహరణ. 1908 నాటి మూసీ వరదల అనంతరం, 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి చార్మినారు నుంచి నది వైపు సాగే ఆ రాజమార్గానికి రెండువైపులా నల్లరాతి తోరణాలతో ఏకరూపమైన అంగళ్ల వరుసను నిలిపింది. లోపల వర్తకుడు తన వ్యాపారాన్ని తనకు తోచినట్లు చేసుకున్నాడు. వెలుపల ముఖం మాత్రం నగరానిది. ఇప్పుడు సూచికఫలకాలూ తీగలూ కొంత కప్పివేసినా, ఆ తోరణాల కింద నడిచేవాడికి ఎండ తగలదు, వాన తగలదు. 1727లో జయసింహుడు జయపురాన్ని నిర్మించినప్పుడు ప్రధానవీథులలో గృహముఖాలకు ఒక క్రమం ఏర్పరచడమూ, చండీగఢ్‌లో 1952 నాటి శాసనం ఆధారంగా ప్రయివేటు కట్టడాల ముఖాలకు వాస్తునియంత్రణ విధించడమూ ఈ కోవలోనివే. చండీగఢ్ పద్ధతిని మన ఊళ్లకు యథాతథంగా తేవడం తగదని గ్రంథకర్త అంటాడు; నా అభిప్రాయమూ అదే. అది ఖాళీ నేలపై కొత్తగా లేచిన నగరం, మనవి శతాబ్దాలుగా పెరుగుతున్న ఊళ్లు.

గ్రంథంలో నన్ను అధికంగా ఆకర్షించినవి కాలువలను, గుండుబండలను గురించిన అధ్యాయాలు. మన వీథులలో ప్రతి ఇంటివారూ తమ గడప ఎత్తుకు తగినట్లు మెట్లనూ వాలుబండనూ కాలువ మీదుగా రోడ్డు మీదికి తోసుకువస్తారు; కాలువ మూసుకుపోతుంది, దారి ఇరుకవుతుంది, రోడ్డు మీద మరొక పొర పడిన ప్రతిసారీ పాత ఇండ్లు లోతులోకి దిగిపోయి వానాకాలంలో నీటిపాలవుతాయి. దీనికి గ్రంథకర్త సూచించిన పరిష్కారం చదువరి ఎవరికైనా బోధపడుతుంది: గడపమెట్లు తన హద్దులోనే దిగాలి, కాలువపై తీసివేయదగిన రాతిబండ మాత్రమే ఉండాలి, రోడ్డు ఎత్తు పెంచదలచిన శాఖ పాతపొరను గీసివేసిన తరువాతనే కొత్తపొర వేయాలి. ఈ మూడవది గృహస్థునికి కాక ప్రభుత్వానికే విధించిన నియమం కావడం గమనార్హం. పౌరుని నియంత్రించదలచిన గ్రంథం అధికారినీ అదే త్రాసులో తూచడం ధర్మబుద్ధి.

గుండుబండల విషయమూ అంతే. మన కొండలు కోట్లాది సంవత్సరాల తపస్సుతో నిలిచిన శిలలు. కుప్పం పచ్చరాయి దేశాంతరాలకు పోతున్నది. వెంచరు వేసినవారు మొదట చేసే పని నేలమీది బండలను పేల్చి చదును చేయడం. ప్రకృతిసిద్ధమైన బండను స్థలపటంలోనే గుర్తించి, దానిచుట్టూ ఖాళీ విడిచినవారికి ఆ విస్తీర్ణాన్ని మరొకచోట కట్టుకునే వెసులుబాటు ఇవ్వాలన్న ప్రతిపాదన దండం కన్న ప్రోత్సాహాన్ని నమ్మినది. చౌడేపల్లె మండలంలోని బోయకొండ దీనికి తక్షణ పరీక్షాస్థలం. గంగమ్మతల్లి సన్నిధికి ఆంధ్రులే కాక కన్నడ, తమిళ భక్తులు కూడా తరలివస్తారు. భక్తులు పెరిగినకొద్దీ వసతిగృహాలు, అంగళ్లు పెరుగుతాయి. కొండ కనబడకుండా కొండకింద కట్టే కట్టడం అమ్మవారికీ భక్తునికీ నడుమ తెర దించినట్లే. అనంతపురం నుంచి కదిరి, మదనపల్లె, పుంగనూరు, పలమనేరుల మీదుగా కుప్పం దాటి కృష్ణగిరికి సాగే 42వ జాతీయ రహదారి పక్కన సైతం ఇటువంటి ఒత్తిడి నానాటికీ హెచ్చుతున్నది. పడమటి ఎండకు ఎదురుగా అద్దాలూ అల్యూమినియం పలకలూ తొడిగి, ఆ లోపలి ఉక్కకు యంత్రాలతో చల్లదనం కొనుక్కునే వ్యాపారభవనాలను గురించి గ్రంథకర్త నెమ్మదిగా, లెక్కలతో మాట్లాడాడు. లోతైన ఛజ్జా, జాలీగోడ, చెట్టునీడ ఎంత వేడిని ఆపగలవో పటం గీసి చూపాడు.

ఒక్క అధ్యాయంతో మాత్రం నాకు పూర్తి ఏకీభావం లేదు. గోడల వర్ణాలను కొన్నింటికే పరిమితం చేయాలన్న సూచన నాకు అవసరమనిపించదు. పండుగకు సున్నం కొట్టి గడపకు కావి పూసి పసుపు రాసే జాతికి వర్ణవివేకం పుట్టుకతో వచ్చినది. రూపం సరిగా ఉంటే వర్ణాన్ని గృహిణికి విడిచిపెట్టవచ్చు. పేదలను గురించిన భాగాన్ని మాత్రం మనసారా ప్రశంసిస్తున్నాను. సెంటు, సెంటున్నర స్థలంలో గూడు కట్టుకునేవారికి ఏ అదనపు నియమమూ విధించరాదనీ, పైగా వారికి తిన్నెతో, నీడతో, భవిష్యత్తులో పైఅంతస్తు వేసుకునే వీలుతో కూడిన నమూనాపటాలు ఉచితంగా ఇవ్వాలనీ, ఆమోదానికి ప్రత్యేక రుసుము ఉండరాదనీ ఆయన స్పష్టంగా వ్రాశాడు. నియమం భారమైననాడు దానిని ధనవంతుడు కొనుక్కుంటాడు, బీదవాడు భరిస్తాడు. ఈ ఎరుక లేని మార్గదర్శకాలు ఎంత సుందరమైనవైనా త్యాజ్యాలు.

భాష సరళంగా ఉంది. మేస్త్రి చదివి గ్రహించగల తెలుగులో, కొలతలను అడుగులలోనూ మీటర్లలోనూ ఇచ్చి, పటాలను పెద్దవిగా ముద్రించారు. ముద్రణదోషాలు కొద్దిగా ఉన్నా అవి మలిముద్రణలో తొలగుతాయి.

పురపాలక సభ్యులకు, పంచాయతీ పెద్దలకు, పట్టణాభివృద్ధి సంస్థ అధికారులకు నా మనవి ఒక్కటే. ఈ గ్రంథాన్ని అధ్యక్షుని బల్లమీద అలంకారంగా ఉంచక, ప్రజలను పిలిచి వీథి వీథిలో చదివించి, మార్చవలసినది మార్చి, రాబోయే వెంచరుకు అనుమతి ఇచ్చేలోగా తీర్మానంగా ఆమోదించండి. ఇల్లు కట్టదలచిన గృహస్థులు ముగ్గు పోయించడానికి ముందే కాలువల అధ్యాయాన్ని మేస్త్రితో కలిసి చదువుకోవాలని కోరుతున్నాను.