జువ్వలదిన్నె పక్కన పడవల దారి

పటం మీద చెన్నై నుంచి విజయవాడకు తిన్నగా గీత గీస్తే దూరం సుమారు 380 కిలోమీటర్లు. ఆ గీత వేటపడవల హార్బరున్న జువ్వలదిన్నెకు తూర్పున నలభై కిలోమీటర్ల అవతల, సముద్రం మీదుగా పోతుంది. విమానంలో గంట పైచిలుకు ప్రయాణం. విమానం పైకి ఎగరడానికి, కిందికి దిగడానికి పట్టే సమయం కూడా అందులోదే. బిట్రగుంట మీదుగా పోయే రైలుదారి 431 కిలోమీటర్లు, అంటే ఆకాశమార్గం కంటే సుమారు యాభై మాత్రమే ఎక్కువ. తీరం అంత తిన్నగా ఉంది మరి.

రైలు రాకముందే ఈ తిన్నదనాన్ని వాడుకున్న పని ఒకటి జువ్వలదిన్నెకు పడమటి పక్కన ఉంది. అదే బకింగ్‌హాం కాలువ. 1806లో బాసిల్ కాక్రేన్ మద్రాసు నుంచి ఎన్నూరుకు తవ్వించిన కాలువ ముక్కలు ముక్కలుగా ఉత్తరానికి పెరిగి, పెదగంజాం దగ్గర కృష్ణా డెల్టాలోని కొమ్మమూరు కాలువను అందుకుంది. 1877-78 కరువులో కూలీలు మద్రాసు నగరంలో కూవం, అడయారు నదులను కాలువతో కలిపారు. అప్పటి గవర్నరు పేరే కాలువకు నిలిచింది.

ఈ కాలువ పనితనమంతా లాకుల్లో ఉంది. పొలాలకు పారే కాలువ పల్లం వెతుక్కుంటూ పోతుంది. ఇది అలా కాదు, తీరం వెంబడి పల్లానికి అడ్డంగా సాగాలి. స్వర్ణముఖి, పెన్న లాంటి నదులు దాన్ని కోసుకుంటూ సముద్రంలో కలుస్తాయి. పైగా రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు. కట్టినవాళ్లు సముద్రంతో పోరాడలేదు, పోటునీటినే కాలువలోకి పిలిచారు. పాటు వేళ ఆ నీరు జారిపోకుండా లాకు తలుపులు ఆపాలి. నది పొంగితే వండ్రు లోపలికి రాకుండా అడ్డుకోవలసిందీ అవే. రెండు రెక్కలూ కలిసేచోట నీటిమట్టం ఎక్కువున్న వైపుకు మొన తేలి ఉండే తలుపును ఒకసారి గమనించండి. నీరు ఎంత నెడితే అది అంత బిగుస్తుంది. తనను తోసే బలంతోనే మూసుకునే తలుపు! ఇంతకంటే అందమైన వడ్రంగం నాకు తెలియదు.

పడవకు గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద తాడు పట్టి లాగే మనుషులు. ఉప్పు, కట్టెలు, ధాన్యం అలా మద్రాసు చేరాయి. పడవకు విమానం వేగం లేదు, రోజులు పట్టేవి. కానీ రేవులు అరుదైన ఈ తీరంలో, పడవలను బోల్తా కొట్టించే అలలకు దూరంగా, సరుకు నిబ్బరంగా సాగింది. ఈనాడు జువ్వలదిన్నె హార్బరులో రాతి అడ్డుగట్లు వేటపడవలకు ఇచ్చే నిమ్మళం అదే. 2004 సునామీలో ఎన్నో చోట్ల ఈ కాలువే కెరటాన్ని తనలోకి తీసుకుని ఊళ్లకు దెబ్బ తగ్గించింది.

2008లో దీన్ని జాతీయ జలమార్గం-4లో చేర్చారు. ప్రకటన ఒక్కటే చాలదు. పూడిక తీయాలి, లాకులు బాగుచేయాలి. ఆ పని జువ్వలదిన్నె దగ్గరే మొదలుపెట్టమని కోరుతున్నాను.