జిడ్డుకి వేడి, బూడిదకి ఓపిక

మే నెల ఆఖరి సోమవారం దగ్గర పడిందంటే మా డాలస్ శివార్లలో పెరటి గ్రిల్ మూతలు ఒక్కొక్కటే లేస్తాయి. కిందటి చలికాలం మొదట్లో ఆఖరిసారి కాల్చి, చలికి వణుకుతూ మూత పడేసి లోపలికి పరిగెత్తాక మళ్ళీ ఎవరూ దాని మొహం చూసి ఉండరు. మెమోరియల్ డే విందుకి నలుగురినీ పిలిచేసి, కోడి ముక్కలు పెరుగులో నానబెట్టేసి, అప్పుడు ఇంటాయన మూత తీస్తాడు. తీసి రెండడుగులు వెనక్కి వేస్తాడు. జాలీ మీద బూజు, అడుగున తడిసి గట్టిపడ్డ బూడిద, మూత లోపలి వైపు నల్లగా లేచిన పెచ్చులు. “పెయింట్ ఊడిపోతోంది, కొత్తది కొనేద్దాం” అంటాడు.

అది పెయింటు కాదు. 1952లో షికాగోలో వెబర్ బ్రదర్స్ అనే లోహపు పనుల సంస్థలో పనిచేస్తున్న జార్జ్ స్టీఫెన్, అక్కడ తయారయ్యే బోయాలు, అంటే నీళ్ళ మీద తేలే పెద్ద ఇనుప గోళాలు, చూసి ఒకదాన్ని సగానికి కోయించాడు. కింది చిప్పకి కాళ్ళు, పై చిప్పకి పిడి. ఇవాళ సగం అమెరికా పెరళ్ళలో ఉన్న గుండ్రటి గ్రిల్ అలా పుట్టింది. దాని మీద ఉండేది రంగు కాదు, బట్టీలో కాల్చి అతికించిన పింగాణీ పూత. అది పొరలు పొరలుగా లేవదు. లేచేది పొగా కొవ్వూ కలిసి మూతకి పట్టి, ప్రతి వంటకీ మళ్ళీ కాలి, బొగ్గయిన పొర. నలిపిన అల్యూమినియం ఫాయిల్‌తో రుద్దితే అరచేతంత పెచ్చులు రాలతాయి. కింద పాత పేపరు పరిచి ఆ పని చేయడంలో నాకు చాలా తృప్తి ఉంది. మా ఆయనకి టీవీలో క్రికెట్ చూస్తే దొరికేంత తృప్తి అనుకోండి.

మా ఇంట్లో గ్రిల్ నా సొత్తు. తెలుగు ఇళ్ళలో ఇది కాస్త విడ్డూరమే. ఇక్కడ మన మగవాళ్ళు వంటింట్లో గరిటె పట్టకపోయినా పెరట్లో పట్టకారు పడతారు. ముందు రోజు రాత్రి అల్లం వెల్లుల్లి నూరి, ముక్కలకి కారం పట్టించింది ఆవిడ. మర్నాడు అరగంట పొగలో నిలబడి చప్పట్లు కొట్టించుకునేది ఆయన. సరే, పోనీ. కానీ చప్పట్లు అయ్యాక ట్రేలు, గిన్నెలు సింకులోకి, అంటే ఆవిడ దగ్గరికి, పోతాయి. గ్రిల్ మాత్రం ఎవరిదీ కాకుండా పెరట్లో ఉండిపోతుంది. నేను దాన్ని తీసుకున్నది కాల్చడం మీద మోజుతో కాదు, ఆ అనాథతనం చూడలేక.

ఈ పనిలో చిక్కంతా ఒకచోటే ఉంది. గ్రిల్‌కి పట్టే మురికి రెండు రకాలు, ఆ రెండింటి స్వభావాలూ ఎదురెదురు. జిడ్డు వేడిగా ఉన్నప్పుడే లొంగుతుంది, చల్లారితే బంకవుతుంది, మరో రెండు వంటలకి రాయవుతుంది. బూడిదని మాత్రం వేడి మీద ముట్టుకోకూడదు. కాబట్టి ‘గ్రిల్ శుభ్రం చేయడం’ అని ఒక పని లేదు. తినడానికి కూర్చునే ముందు ఒకటి, మర్నాటికో ఎల్లుండికో ఇంకొకటి. జనం ఈ రెంటినీ కలిపి ఆదివారం మధ్యాహ్నం ఒకేసారి చేయబోతారు. అప్పటికి జాలీ మీద జిడ్డు గట్టిపడి ఉంటుంది, విసుగొచ్చి మూత వేసేస్తారు.

జాలీ సంగతి ముందు. ఆఖరి ముక్క దింపగానే మూత వేసి, గాలి కంతలు తెరిచి పది పదిహేను నిమిషాలు వదిలేస్తే మిగిలిన నిప్పుల వేడికే అంటుకున్నదంతా మాడి పొడిబారుతుంది. అప్పుడు నాలుగు రుద్దులు చాలు. మన వంటకి ఇది మరీ అవసరం. ఇక్కడివాళ్ళు ఉప్పూ మిరియాలూ చల్లి మాంసం పెడతారు, దానికి అంటుకునేది తక్కువ. మనం పెరుగు, శనగపిండి, పసుపు, గరం మసాలా పట్టించి పెడతాం. ఆ పెరుగూ పిండీ ఊచల మీద అట్టు వేసినట్టు పడతాయి. పెట్టేముందు వేడి జాలీని నూనె గుడ్డతో ఒకసారి తుడవడం, ముక్కని తొందరపడి తిప్పకుండా దానంతటది వదిలేదాకా ఆగడం, ఈ రెండూ చేస్తే రుద్దే పని సగం తగ్గుతుంది.

దేనితో రుద్దాలన్నది చిన్న విషయం కాదు. ఇనుప తీగల బ్రష్షులు ప్రతి దుకాణంలోనూ గ్రిళ్ళ పక్కనే వేలాడుతుంటాయి. పాతబడ్డ బ్రష్షు నుంచి వెంట్రుకంత తీగ ఊడి ఊచకి అతుక్కుంటుంది, అక్కడి నుంచి కబాబులోకి చేరుతుంది. రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని ప్రావిడెన్స్‌లో ఇలా తీగలు మింగి ఆసుపత్రికి వచ్చిన ఆరుగురి గురించి 2012లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ ఒక నివేదిక వేసింది. కొందరికి గొంతులో గుచ్చుకుంది, కొందరికి పేగుకి చిల్లు పడింది. అది చదివిన రోజే మా బ్రష్షు చెత్తబుట్టలోకి పోయింది. ఇప్పుడు నా పనిముట్లు రెండు. ఒకటి పట్టకారుతో పట్టుకున్న ఫాయిల్ ఉండ. రెండోది సగానికి కోసి ఫోర్కుకి గుచ్చిన ఉల్లిపాయ. కోసిన ముఖాన్ని వేడి ఊచల మీద నొక్కి లాగితే దాని తడికి సుయ్యిమని ఆవిరి లేచి మాడు వదులుతుంది. గట్టి మొండి జిడ్డుకి ఉల్లిపాయ చాలదు, ఎవరైనా చాలుతుందంటే నమ్మకండి.

‘జిడ్డులోనే రుచి ఉంది, కడిగితే పోతుంది’ అనే వర్గం ఒకటుంది. పోత ఇనుము జాలీ విషయంలో వాళ్ళ మాటలో కొంత నిజం ఉంది. దోసె పెనానికి నూనె పట్టించి కాపాడుకున్నట్టే దాన్నీ కాపాడాలి, గట్టిగా తోమి ఆ నూనె పొర పోగొట్టకూడదు. కానీ గ్రిల్ కింది చిప్ప అడుగున చేరిన కొవ్వులో ఏ రుచీ లేదు. తర్వాతిసారి నిప్పులు పోసినప్పుడు అదే అంటుకుని మంట పైకి లేస్తుంది. అప్పుడు నీళ్ళు పోయకూడదు, మూత వేసి కింది పై కంతలు మూసేయాలి, గాలి లేక మంట చచ్చిపోతుంది. కాలుతున్న గ్రిల్ మీద చన్నీళ్ళు పోస్తే మంట సంగతి అటుంచి పింగాణీ పూత పగిలి, అక్కడి నుంచి తుప్పు మొదలవుతుంది.

ఇక బూడిద. మా అమ్మమ్మ కుంపటి కింద చిన్న ద్వారం ఉండేది. బొగ్గులు వేయకముందు అందులోంచి బూడిద లాగేయడం పొద్దుటి మొదటి పని. లాగకపోతే కుంపటి రాజుకోదు, విసనకర్రతో విసిరి విసిరి చెయ్యి పడిపోవడమే. ఇక్కడి గ్రిల్‌కీ గాలి కింది నుంచే రావాలి. కిందటిసారి బూడిద ఆ కంతలకి అడ్డం పడితే, నిప్పు అంటుకోవడం లేదని బొగ్గుల మీద ఇంకాస్త పెట్రోలు వాసన ద్రవం గుమ్మరించేవాళ్ళని మన విందుల్లోనే చూస్తున్నాను.

నివురు గప్పిన నిప్పు అన్న మాట మనకి పుస్తకంలో మిగిలింది, అమెరికాలో అగ్నిమాపక దళాలకి రోజూ పని కల్పిస్తోంది. పైకి తెల్లగా చల్లారినట్టున్న బొగ్గు లోపల మర్నాడు కూడా ఎర్రగా ఉండొచ్చు. దాన్ని ప్లాస్టిక్ చెత్తడబ్బాలో పోసి, ఆ డబ్బాని గరాజ్ గోడకి ఆనించి పడుకున్నవాళ్ళ ఇళ్ళు కాలాయి. మూత ఉన్న ఇనుప బకెట్, అదీ చెక్క డెక్ మీద కాదు, సిమెంటు మీద. రెండు రోజులు ఆగి అప్పుడు పారేయడం. ఓపిక లేనివాళ్ళు ఆ బకెట్‌లో నీళ్ళు పోసి కలిపి, అంతా తడిసిందని చూసుకోవచ్చు. వేడి పోకముందే గ్రిల్‌ని గరాజ్‌లోకి తోసేయడం మరీ ప్రమాదం. ఆరిపోతున్న బొగ్గు విడిచే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన లేదు.

అలాగని వారాల తరబడి వదిలేయకూడదు కూడా. బూడిద గాల్లోని చెమ్మని పీలుస్తుంది. తడిస్తే క్షారమవుతుంది, లోహాన్ని తింటుంది. మా వైపు వసంతంలో వచ్చే వానలకి కంతల్లోంచి నీరు దిగి, అడుగున బూడిద సిమెంటులా పట్టేస్తుంది. అల్యూమినియం బూడిద పళ్ళెమైతే గరుకెక్కి నల్లబడుతుంది.

ఈ క్షారగుణంతోనే మన ఊళ్ళలో అంట్లు తోమారు. పొయ్యిలో బూడిద, కొబ్బరి పీచు, కాసిని నీళ్ళు. గిన్నెకున్న నూనెతో క్షారం కలిసి అక్కడికక్కడే కాస్త సబ్బు తయారయ్యేది. కట్టెబొగ్గు వాడిన రోజున జల్లించిన బూడిదతో గ్రిల్ మూత లోపలి జిడ్డు తోమి చూశాను, చేతికి గ్లవుజులు వేసుకునే. బాగానే పోయింది. డిష్ సోప్‌తో ఇంకా తేలిగ్గా పోతుంది, అది వేరే సంగతి.

ఇక్కడ సంచుల్లో అమ్మే దిండు ఆకారపు బొగ్గు బిళ్ళలు మాత్రం వేరే సరుకు. 1920ల్లో హెన్రీ ఫోర్డ్ తన కార్లకి చెక్క కోసం మిషిగన్‌లో పెట్టిన రంపపు మిల్లుల్లో మిగిలిన తుక్కు వృథా పోకుండా ఈ బిళ్ళలు చేయించాడు. ఫోర్డ్ కార్లు అమ్మేచోటే వీటినీ అమ్మేవారు. తర్వాత ఆ సరుకే కింగ్స్‌ఫర్డ్ పేరుతో దేశమంతా పాకింది. ఇలాంటి బిళ్ళల్లో బొగ్గుపొడితో పాటు గంజి, సున్నపురాయి లాంటివి కలుపుతారు కాబట్టి బూడిద ఎక్కువ. కట్టెబొగ్గుకి పిడికెడు మిగిలితే వీటికి చేటెడు మిగులుతుంది.

ఆ చేటెడు బూడిదని మనవాళ్ళు తిన్నగా కరివేపాకు మొక్క మొదట్లో పోస్తారు, ఊళ్ళో వంగమొక్కల మీద చల్లిన అలవాటు కొద్దీ. డాలస్ చుట్టుపక్కల నల్లమట్టి ఇప్పటికే సున్నంతో నిండినది. అందులో కరివేపాకుకి ఇనుము అందక ఆకులు పసుపెక్కుతుంటే, దాని మీద ఇంకాస్త క్షారం. వాట్సాప్ గ్రూపులో ‘ఆకులు ఎందుకు పాలిపోతున్నాయి’ అని ఫొటో పెట్టిన వాళ్ళని నేను ముందు అడిగేది గ్రిల్ ఉందా అని.

జాలీని అద్దంలా పెట్టడానికి నాకు ఇంకో కారణం ఉంది, బహుశా అసలు కారణం అదే. మన విందులకి శాకాహారులు వస్తారు. వాళ్ళలో ఒక పిన్నిగారు మొక్కజొన్న పొత్తు చేతిలోకి తీసుకుని, కొరకకుండా, నవ్వుతూ అడుగుతారు: “ఏమ్మా, ఇది దేని మీద కాల్చావు?” మొదట పొత్తులూ పనీరూ కాల్చి, తర్వాత కోడి పెట్టినా ఆ ప్రశ్న పోదు, ఎందుకంటే కిందటి వారం కోడి ఉంది కదా. కాలిస్తే అన్నీ శుద్ధి అయిపోతాయని మా ఆయన వాదిస్తారు. పిన్నిగారి దగ్గర ఆ వాదం చెల్లదు, చెల్లాలని నేనూ అనుకోను. అందుకే రెండో జాలీ కొన్నాను. మాంసం ఎరగనిది. గరాజ్ గోడకి మేకు కొట్టి, పసుపు రిబ్బను కట్టి తగిలించాను. పిన్నిగారు వచ్చినప్పుడు అడిగినా అడగకపోయినా, కారు దిగగానే ముందు అక్కడికే తీసుకెళ్ళి చూపిస్తాను.