పేదల జాబితా ఎవరు రాయాలి?

గ్రామాభివృద్ధిలో స్వచ్ఛంద సంస్థ కార్యకర్తకు మొదటి పని సంఘాన్ని కూర్చోబెట్టడం. ఊరికి ఏం కావాలో, ముందుగా ఎవరికి అందాలో ఊరివాళ్లే తేల్చుకునేలా ఆ సమావేశాన్ని నడపడంలోనే ఈ వృత్తి నేర్పంతా ఉంది. సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ ప్రాంతంలో 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఇందుకు మంచి ఉదాహరణ. పస్తాపూర్ కేంద్రంగా నడిచే ఈ సంస్థకు ఊరూరా ఉన్న మహిళా సంఘాలే పునాది. సభ్యుల్లో ఎక్కువమంది దళిత మహిళలు, చిన్న రైతులు, కూలీలు. పగలు పొలం పనులుంటాయి గనుక సమావేశాలు తరచుగా రాత్రిపూట జరుగుతాయి.

1990ల మధ్యలో ఈ సంఘాలు ప్రత్యామ్నాయ ప్రజాపంపిణీని చేపట్టాయి. రేషన్ బియ్యం చౌకగా దొరకడంతో జొన్న సాగు తగ్గి, మెట్ట చెల్కలు బీడు పడుతున్న కాలమది. దున్నకానికి, ఎరువుకు, విత్తనానికి సంఘాలు రైతులకు విడతలుగా అప్పు ఇచ్చాయి. రైతులు ఆ బాకీని కొన్నేళ్లపాటు జొన్నల రూపంలో తీర్చారు. ఆ జొన్నలను ఊళ్లోనే నిల్వచేసి, ఇళ్లలో గింజలు నిండుకునే రోజుల్లో పేద కుటుంబాలకు తక్కువ ధరకు ఇచ్చారు.

ఆ పేద కుటుంబాలను కూడా సంఘాలే గుర్తించాయి. మహిళలు నేలమీద ఊరి పటం గీసి, ఇల్లిల్లూ గుర్తుపెట్టారు. భూమి ఎంత, పశువులున్నాయా, సంపాదించే చేతులెన్ని అని చర్చించి, ఏ ఇల్లు ఎంత పేదదో నిర్ణయించారు. పటం అందరి కళ్లముందే ఉంటుంది గనుక తప్పు కనిపిస్తే అక్కడే దిద్దుకోవచ్చు. ఇలాంటి చోట గట్టిగా మాట్లాడేవారి మాటే చెల్లకుండా చూడడం, వెనక కూర్చున్నవారిని అడగడం, తీర్మానాన్ని చదివి వినిపించి పుస్తకంలో ఎక్కించడం కార్యకర్త బాధ్యత.

ఇలా కుదిరిన సంఘం మరిన్ని పనులు ఎత్తుకోగలదు. ఇక్కడి మహిళలు జొన్న, కొర్ర, సామ, కంది వంటి పంటల విత్తన బ్యాంకులు నడిపారు. 2008 అక్టోబరులో మాచునూరులో సంఘం రేడియో ప్రసారాలు మొదలయ్యాయి. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈ సంఘాలకు ఈక్వేటర్ పురస్కారం ఇచ్చింది.

నిధులిచ్చేవారు సాధారణంగా కట్టిన చెరువులు, పంచిన విత్తనాలు లెక్కపెడతారు. ఆ లెక్కలకు ముందు జరిగే రాత్రి సమావేశాలకు కాలం పడుతుంది, ఖర్చూ అవుతుంది. ఆ కాలానికి, ఆ ఖర్చుకు కూడా బడ్జెట్‌లో చోటు కల్పించాలి.